మన చేతిలోని లేఖనములు నమ్మదగినవేనా?

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మన దేవాలయముల చరిత్రయో, తొలి సువార్తికుల చరిత్రయో వ్రాయవలెనని మొదట తలచితిని. కాని వాటిని నాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు మన అధ్యక్ష మండలములో పలువురు కలరు. కనుక నేను మరియొక చరిత్రను ఎన్నుకొంటిని. ఈ నూరు సంవత్సరములు ప్రతి ఆదివారమును మన దేవాలయములలో తెరచి చదివిన గ్రంథము ఎక్కడనుండి, ఎవరి చేతులగుండ మన యొద్దకు వచ్చెను? దారిలో అది మారిపోలేదని మనకు ఎట్లు తెలియును?

ఈ ప్రశ్న నేను కల్పించినది కాదు. బుధవారపు బైబిలు స్టడీలో ఉద్యోగస్థుడైన ఒక యువకుడు రెండు బైబిళ్ళు తెచ్చి నా యెదుట పెట్టెను. ఒకటి మన తెలుగు బైబిలు, రెండవది ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు. రెండింటిలోను యోహాను వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము తెరచి, "అయ్యగారూ, ఇంగ్లీషులో ఉన్న మాటలు తెలుగులో లేవు. మీవారు తీసివేసిరని మా ఆఫీసులో ఒకరు అనుచున్నారు. ఇందులో ఏది దేవుని వాక్యము?" అని అడిగెను. ప్రక్కనున్న ఒక పెద్దమ్మగారు, "బాబూ, అట్లు అడుగకూడదు, నమ్మవలెను" అనిరి. ఆమె భక్తిని నేను గౌరవింతును. కాని అడుగుటలో తప్పు లేదు. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనములలో తాను సంగతులన్నిటిని మొదటనుండి విచారించి వ్రాయుచున్నానని థెయొఫిలాకు చెప్పుచున్నాడు. విచారణతో ఆరంభమైన గ్రంథము విచారణకు భయపడదు.

ఆ యువకుడు చూపిన చోటు నిజముగానే తేడాగా ఉన్నది. మన తెలుగు బైబిలులో అక్కడ సాక్షులుగా ఆత్మ, నీళ్లు, రక్తము అను ముగ్గురే కనబడుదురు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో వీరికి ముందుగా పరలోకమందు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అను ముగ్గురు సాక్షులు కలరని అదనముగా ఉన్నది. మంచి సిద్ధాంతమే. మనము ప్రతివారము ఒప్పుకొను విశ్వాసమే. అయితే ఆ మాటలు యోహాను వ్రాసినవా?

దీని వెనుక చరిత్ర కలదు. 1516లో ఎరాస్మసు అను పండితుడు బాసెలు పట్టణములో గ్రీకు కొత్త నిబంధనను మొదటిసారి అచ్చువేయించి ప్రకటించెను. అందులో ఈ అదనపు మాటలు లేవు, 1519లో వచ్చిన రెండవ ముద్రణలోను లేవు. లాటిను బైబిలుకు అలవాటుపడినవారు ఆయనమీద మండిపడిరి. తాను చూచిన గ్రీకు వ్రాతప్రతులలో ఆ మాటలు లేవని ఆయన సమాధానము. తరువాత ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి ఇంగ్లండులో బయటపడెను. అది ఇప్పుడు డబ్లిను నగరములోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయములో ఉన్నది. అది ఎరాస్మసు కాలమునకు సమీపముననే వ్రాయబడినదని పండితులు గుర్తించిరి. అయినను ఆయన 1522 నాటి మూడవ ముద్రణలో ఆ మాటలను చేర్చెను. తరువాతి ముద్రాపకులు దానినే అనుసరించిరి, వారి గ్రంథమునుండి ఇంగ్లీషు అనువాదకులు తీసికొనిరి. లూథరు మాత్రము 1519 నాటి ముద్రణనుండి జర్మను భాషలోనికి తర్జుమా చేసెను గనుక 1522 నాటి ఆయన కొత్త నిబంధనలో అవి లేవు.

ఇప్పుడు మనకు తెలిసిన గ్రీకు వ్రాతప్రతులలో ఆ మాటలున్నవి వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. అవి చాల ఆలస్యముగా వ్రాయబడినవి, లేక అంచున తరువాత ఎక్కించినవి. ఆ మాటలు మొదట లాటిను రచనలలో పుట్టినవి. ఎవరో భక్తుడు అంచున వివరణగా వ్రాసికొనినదానిని తరువాతి లేఖకుడు మూలములోనిదే అనుకొని లోపలికి ఎక్కించి యుండును. మోసము కాదు, భక్తివలన జరిగిన పొరపాటు.

కాబట్టి మన తెలుగు బైబిలు ఏమియు తీసివేయలేదు. లేనిదానిని చేర్చలేదు, అంతే. మరియొక సంగతి గమనింపుడి. 4వ శతాబ్దములో అరియసు బోధను ఎదిరించి త్రిత్వ సిద్ధాంతముకొరకు అథనేసియసు వంటివారు ప్రాణములకు తెగించి పోరాడిరి. ఈ వచనము వారి గ్రంథములలో ఉన్నయెడల దానిని మొదటి ఆయుధముగా తీసియుందురు. వారు తీయలేదు. మత్తయి సువార్త చివరనున్న బాప్తిస్మపు ఆజ్ఞనుండియు, యోహాను సువార్త మొదటి అధ్యాయమునుండియు, పౌలు పత్రికలనుండియు వాదించిరి, గెలిచిరి. ఆ వచనము పోయినందున మన విశ్వాసములో ఒక్క ఇటుక కూడ కదలలేదు.

ఇది కొత్త నిబంధన సంగతి. పాత నిబంధన విషయములో 1947 వరకు మనకు ఒక గొప్ప కష్టము ఉండెను. పూర్తిగా మిగిలిన హెబ్రీ పాత నిబంధనలలో అన్నిటికంటె ప్రాచీనమైనది క్రీ.శ. 1008 ప్రాంతమున కైరోలో వ్రాయబడినది. అది ఇప్పుడు రష్యాలో ఉన్నది. యెషయా ప్రవక్త జీవించినది క్రీ.పూ. 8వ శతాబ్దములో. నడుమ 1,700 సంవత్సరములకు పైగా గడచినవి. ఇంత కాలము చేతితో నకలు వ్రాసిన గ్రంథము చెడిపోకుండ ఎట్లుండునని విమర్శకులు అడిగినప్పుడు మనవారు చెప్పగలిగిన సమాధానము ఒకటే: యూదుల శాస్త్రులు మిక్కిలి జాగ్రత్తపరులు. అది నిజమే. తిబెరియలోని మసోరెతు శాస్త్రులు మాటలను లెక్కించి, అరుదైన రూపములను అంచులలో గుర్తువేసి, అచ్చుల గుర్తులను పెట్టి హెబ్రీ గ్రంథమును కాపాడిరి. (ఆ చుక్కలను గుర్తుంచుకొనుటకు వేదాంత కళాశాలలో మేము పడిన పాట్లు మాకే తెలియును!) కాని వారికి ముందు వేయి సంవత్సరములు ఏమి జరిగినదో చూపుటకు సాక్ష్యము చాల తక్కువ.

అట్టి సమయమున మృత సముద్రపు ఒడ్డున కుమ్రాను కొండలలో మేకలు కాచుకొను తామిరె తెగ గొల్లలకు ఒక గుహలో మట్టి కుండలు, వాటిలో తోలు చుట్టలు దొరికెను. కొన్ని చుట్టలు బేత్లెహేములో కందో అను వర్తకునిగుండ యెరూషలేములోని సిరియను సంఘపు మార్ అథనేసియసు శామ్యూలు మెత్రోపొలీతు చేతికి చేరెను. మరి మూడింటిని హెబ్రీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సుకెనికు కొనెను. పాలస్తీనాను విభజించుటకు ఐక్యరాజ్య సమితి ఓటు వేసిన 1947 నవంబరు చివరి దినములలో, తుపాకుల భయము నడుమ ఆయన బేత్లెహేముకు పోయి వాటిలో కొన్నిటిని తెచ్చెను.

1948 ఫిబ్రవరిలో మెత్రోపొలీతు మనుష్యులు తమ చుట్టలను యెరూషలేములోని అమెరికను పరిశోధన సంస్థకు తీసికొని వచ్చిరి. అక్కడనున్న జాన్ ట్రెవరు అను యువ పండితుడు పెద్ద చుట్టలో కొన్ని పంక్తులు చేతితో నకలు వ్రాసికొని, అవి ఏ గ్రంథములోనివో వెదకెను. అది యెషయా 65వ అధ్యాయపు మొదటి వచనము, అనగా దేవుని వెదకని వారికే ఆయన దొరికెనని చెప్పు చోటు. తాను చూచుచున్నది యెషయా గ్రంథమేనని ఆయన గ్రహించెను. ఫోటోలు తీసి అమెరికాకు పంపగా, ఆల్‌బ్రైటు అను గొప్ప పండితుడు ఆ వ్రాత క్రీస్తుకు ముందటిదని మార్చి నెలలో జాబు వ్రాసెను.

ఆ చుట్ట 17 తోలు ముక్కలను కలిపి కుట్టినది. పొడవు 7 మీటర్లకు పైగా ఉండును. 54 నిలువు వరుసలలో యెషయా 66 అధ్యాయములును ఉన్నవి. క్రీ.పూ. 125 ప్రాంతమున వ్రాయబడినదని సాధారణముగా ఎంచుచున్నారు. అనగా మన యొద్దనున్న పూర్తి హెబ్రీ బైబిలుకంటె ఒక్క గంతులో సుమారు 1,100 సంవత్సరములు వెనుకకు పోగలిగితిమి. 1954లో మెత్రోపొలీతు అమెరికాలో ఒక వార్తాపత్రికలో అమ్మకపు ప్రకటన వేయగా, సుకెనికు కుమారుడు యాదీను మధ్యవర్తులగుండ వాటిని 2,50,000 డాలర్లకు కొని యెరూషలేముకు చేర్చెను. తండ్రి అంతకు ముందు సంవత్సరమే చనిపోయి యుండెను.

మరి ఈ చుట్టను మన బైబిలుతో పోల్చినప్పుడు ఏమి కనబడెను? ఇక్కడ జాగ్రత్తగా మాటలాడవలెను. "ఒక్క అక్షరమైనను మారలేదు" అని కొందరు ప్రసంగీకులు కూటములలో చెప్పుదురు. అది నిజము కాదు. అక్షర క్రమములో, వ్యాకరణ రూపములలో తేడాలు వందలకొలదిగా ఉన్నవి. మనము 'పుణ్యము' అని ఒకరు, 'పుణ్యం' అని ఒకరు వ్రాయునట్టివి వాటిలో ఎక్కువ. మాటల తేడాలును కలవు. 6వ అధ్యాయములో సెరాపులు దేవుని 'పరిశుద్ధుడు' అని మనకు తెలిసినట్లు మూడుసార్లు స్తుతింపగా, ఈ చుట్టలో ఆ మాట రెండుసార్లే ఉన్నది. 21వ అధ్యాయము 8వ వచనములో మన బైబిలులోని సింహమునకు బదులు చుట్టలో 'చూచువాడు' అని ఉన్నది. హెబ్రీలో ఆ రెండు మాటలకు అక్షరములలో తేడా స్వల్పమే. కావలివాని గూర్చిన ఆ చోట చూచువాడు అనుటయే బాగుగా అతుకునని అనేకుల అభిప్రాయము, నా అభిప్రాయమును అదే.

నన్ను మిక్కిలి ఆకర్షించినది 40వ అధ్యాయము. గడ్డి యెండును, పువ్వు వాడును, దేవుని వాక్యము నిలుచునని చెప్పు వచనములు మనకందరికి కంఠస్థమే. గడ్డి యెండును, పువ్వు వాడును అను మాటలు అక్కడ రెండుసార్లు వచ్చును. ఆ లేఖకుడు మొదటిసారి అవి వ్రాసి, కన్ను తిప్పి మరల మూలమును చూచునప్పుడు రెండవ చోట దృష్టి పడెను. నడుమనున్నదంతయు విడిచిపెట్టి, వాక్యము నిలుచునను మాటతో ముగించెను. మన బడిపిల్లలు నల్లబల్ల చూచి వ్రాసికొనునప్పుడు చేయు పొరపాటే ఇది. తరువాత మరియొకరు మరియొక ప్రతితో సరిచూచి, విడిచిన మాటలను పంక్తి పైనను అంచు వెంబడి క్రిందికిని చిన్న అక్షరములతో ఎక్కించిరి. అందులో యెహోవా నామము రావలసిన చోట, భయభక్తులచేత ఆ నామమును వ్రాయక నాలుగు చుక్కలు పెట్టిరి. 2,000 సంవత్సరములకు పూర్వపు తప్పును, దిద్దుబాటును ఒకే తోలుమీద మనము కన్నులార చూడవచ్చును. లేఖనములు మన చేతికి వచ్చిన విధము ఇదే. తప్పు చేయని మనుష్యులచేత రాలేదు. తప్పు చేసినప్పుడు దానిని పట్టుకొనుటకు రెండవ ప్రతి, దిద్దుటకు రెండవ మనుష్యుడు ఉన్నందున వచ్చెను.

1952లో ప్రకటింపబడిన ఇంగ్లీషు రివైజ్డ్ స్టాండర్డ్ అనువాద సంఘమువారు ఈ చుట్టను ఎదుట పెట్టుకొని యెషయా గ్రంథమును సరిచూచిరి. 66 అధ్యాయములలో చుట్టను అనుసరించి మార్చవలెనని వారికి తోచినవి 13 చోట్లు మాత్రమే. వాటిలో కొన్ని చోట్ల పాత పాఠమునే ఉంచియుండవలసినదని ఆ సంఘములోనే ఉండిన పండితుడు మిల్లరు బరోసు తరువాత వ్రాసెను. 1,100 సంవత్సరముల చేతివ్రాతకు ఇది ఎట్టి పరీక్షయో మీరే ఆలోచింపుడి.

కుమ్రానులో దొరికినవన్నియు ఇంత సులువుగా మనకు అనుకూలించినవని చెప్పుటయు సత్యము కాదు. యిర్మీయా గ్రంథము అక్కడ రెండు రూపములలో దొరికెను. ఒకటి మన బైబిలులోనిది, మరియొకటి సెప్టువజింతు అను ప్రాచీన గ్రీకు అనువాదమునకు మూలమైన చిన్న రూపము. కీర్తనల చుట్ట ఒకటి మనకు తెలియని క్రమములో ఉన్నది. ఈ సంగతులు మన పిల్లలకు బయటివారు చెప్పకముందే మనము చెప్పుట మేలు. "ఒక్క అక్షరము మారలేదు" అని చిన్నప్పుడు విన్నవాడు, మారిన ఒక్క అక్షరమును కాలేజీలో చూచిన నాడు గ్రంథమంతటిని ప్రక్కన పెట్టును. అట్టివారిని నేను ఎరుగుదును. గట్టిగా చెప్పినదంతయు గట్టి ఆధారము కాదు.

కొత్త నిబంధన విషయములో ప్రతుల కొరత లేదు. గ్రీకు వ్రాతప్రతులు, ముక్కలు 5,000కు పైగా ఉన్నవి. మాంచెస్టరు నగరములోని జాన్ రైలండ్సు గ్రంథాలయములో అరచేతిలో పట్టునంత జమ్ము కాగితపు ముక్క ఒకటి కలదు. 1920లో ఐగుప్తునుండి వచ్చి, 1935లో ప్రకటింపబడెను. రెండు ప్రక్కల యోహాను సువార్త 18వ అధ్యాయములోని మాటలున్నవి, ప్రభువు పిలాతు ఎదుట నిలిచి సత్యమును గూర్చి సాక్ష్యమిచ్చిన ఘట్టమది. 2వ శతాబ్దపు మొదటి భాగములోనిదని చాలకాలము చెప్పిరి. కొంత తరువాతిది కావచ్చునని ఇటీవల మరికొందరు అనుచున్నారు. ఎట్లైనను ఎఫెసులో వ్రాయబడెనని సంఘము నమ్ముచు వచ్చిన సువార్త, అంత త్వరలో నైలు నది ఒడ్డున చేతులు మారుచుండెను.

ఇక్కడనే అసలు బలము ఉన్నది. గ్రంథమును ఎవరో ఒక రాజు, ఒక పోపు, ఒక సభ మార్చివేసెనని చెప్పువారు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలెను: ఎక్కడెక్కడనున్న ప్రతులను ఎట్లు మార్చిరి? క్రీ.శ. 303లో డయొక్లీషియను చక్రవర్తి క్రైస్తవుల గ్రంథములను కాల్చివేయవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా పట్టణములో ఆ సంవత్సరము మే 19న జరిగిన సోదా వివరములు అధికారుల రికార్డులోనే మిగిలి యున్నవి. సంఘము కూడుకొను ఇంటికి వచ్చి అధికారులు వస్తువుల జాబితా వ్రాసిరి. గిన్నెలు, దీపములు, స్త్రీల అంగీలు 82 కూడ ఉన్నవి. అవి పేదలకు పంచుటకై యుండవచ్చును. పుస్తకముల అల్మారాలు మాత్రము ఖాళీగా ఉండెను. ఒక పెద్ద పుస్తకము మాత్రమే బయటికి వచ్చెను. మిగిలినవి లేఖనములు చదువువారి యొద్ద ఉన్నవని తెలిసి అధికారులు వీధులవెంట ఇంటింటికి పోయిరి. ఒకని ఇంట నాలుగు, మరియొకని ఇంట ఐదు, ఇంకొకని ఇంట ఎనిమిది, ఒక ఉపాధ్యాయుని ఇంట రెండు పుస్తకములు, కొన్ని విడి కట్టలు.

సిర్తావారు చివరకు పుస్తకములు ఇచ్చివేసిరి. అది సంతోషకరమైన కథ కాదు. అట్లు అప్పగించినవారిని సంఘము 'అప్పగించినవారు' అనియే పిలిచెను, దానిమీద ఆఫ్రికా సంఘములో దీర్ఘకాలము చీలిక ఏర్పడెను. కాని ఒక చిన్న పట్టణములో ఒక్క దినమున ఇన్ని ఇండ్లలో ఇన్ని పుస్తకములు! సిరియ, లాటిను, కోప్తు భాషలలోనికి అనువాదములును అప్పటికే ప్రబలి యుండెను. చక్రవర్తి కాల్చివేయలేకపోయిన వాటిని, రహస్యముగా ఎవరు దిద్దగలరు?

ఏ గ్రంథములు లేఖనములు అను ప్రశ్నను నైసియా సభ ఓట్లు వేసి తేల్చెనని నవలలలోను సినిమాలలోను వ్యాపించిన కథ కూడ ఇట్టిదే. 325లో ఆ సభ చేసిన కట్టడలలో లేఖనముల జాబితాయే లేదు. మన 27 గ్రంథములను సరిగా ఆ లెక్కతో పేర్కొన్నది 367లో అథనేసియసు వ్రాసిన ఈస్టరు లేఖ. అంతకు ముందు యాకోబు, యూదా, రెండవ పేతురు, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక, ప్రకటన మొదలగు వాటిని గూర్చి కొన్ని సంఘములకు సందేహములుండెను, చరిత్రకారుడైన యుసేబియసు వాటిని దాచక వ్రాసెను. నాలుగు సువార్తలను గూర్చి, పౌలు ముఖ్య పత్రికలను గూర్చి మాత్రము అంతటి సందేహము లేదు. సుమారు 180లోనే ఐరేనియసు సువార్తలు నాలుగే అని వాదించుచున్నాడు.

అదే 180వ సంవత్సరము జూలై 17న కార్తేజిలో స్కిల్లి అను ఊరివారు పన్నెండుగురు, ఏడుగురు పురుషులు ఐదుగురు స్త్రీలు, రోమా అధికారి సతుర్నీనుసు ఎదుట నిలువబడిరి. మీ పెట్టెలో ఏమున్నదని ఆయన అడిగెను. పుస్తకములు, నీతిమంతుడైన పౌలు పత్రికలు అని స్పెరాతుసు అనువాడు జవాబు చెప్పెను. ఆలోచించుకొనుటకు 30 దినములు గడువు ఇత్తునన్నను వారు ఒప్పుకొనలేదు. శిరచ్ఛేదము పొందిరి. నైసియా సభ అప్పటికి ఇంకను 145 సంవత్సరముల దూరములో ఉన్నది. ఆ పల్లెటూరివారికి ఏ సభయు జాబితా ఇయ్యలేదు. ఆ మాటలలో తమ ప్రభువు స్వరమును విని, వాటిని పెట్టెలో పెట్టుకొని మరణమునకు పోయిరి.

అధికారమనగా ఇది. వ్రాతప్రతులు, తోలు చుట్టలు మన గ్రంథము చెడిపోలేదని చూపగలవు, ప్రభువు లేచెనని నమ్మింపలేవు. అది పరిశుద్ధాత్మ చేయు పని. ఈ రెండింటిని కలపకూడదు. నజరేతు సమాజమందిరములో ప్రభువు చేతికి యెషయా గ్రంథము ఇయ్యబడెనని లూకా 4వ అధ్యాయములో చదువుచున్నాము. ఆయన తెరచినది అట్టి తోలు చుట్టయే. ఆ చుట్టలోను లేఖకుల పొరపాట్లు, దిద్దుబాట్లు ఉండియుండును. అయినను ఆయన దానిని తన తండ్రి మాటగా చదివి, అది నేడు నెరవేరెనని చెప్పెను. గ్రంథమును మనము గౌరవించుటకు నాకు దీనికంటె పెద్ద కారణము కనబడదు.

ఇక మన తెలుగువారి సంగతి. హాలె నుండి వచ్చిన బెంజమిను షుల్జు 1726లో మద్రాసు చేరి, తెలుగు నేర్చి, కొద్ది సంవత్సరములలోనే బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నము వచ్చిన లండను మిషనువారు జార్జి క్రాను, అగస్టసు దెగ్రాంజీ మరల మొదటినుండి ఆరంభించిరి. బ్రాహ్మణులలోనుండి క్రీస్తు విశ్వాసములోనికి వచ్చిన ఆనందరాయరు వారికి తోడుపడెను. తెలుగు భాష సొగసు వారికి ఆయన వలననే దొరికెనని చెప్పవలెను, మన చరిత్రలలో ఆయన పేరు ఒక్క పంక్తితో ముగియుట అన్యాయము. 1809లో క్రాను, 1810లో దెగ్రాంజీ చనిపోయిరి. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. ఆ సంవత్సరము మార్చి 11న ఆ ముద్రణాలయమే కాలిపోయి, పలు భాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయ్యెను. అయినను పని ఆగలేదు. 1818లో తెలుగు కొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు వెలువడెను. తరువాతను దిద్దుబాట్లు జరిగినవి. ఇట్టి సవరణలు చూచి కొందరు బైబిలు మార్చుచున్నారని కలవరపడుదురు. మారునది మన తెలుగు, మూలమును గూర్చి మన ఎరుక. 40వ అధ్యాయపు అంచున చిన్న అక్షరములతో వ్రాసిన ఆ పేరు తెలియని దిద్దుబాటుదారు చేసిన పనినే వీరును చేయుచున్నారు.

మన సంఘములలో తాతల నాటి బైబిళ్ళు ఇంకను కొన్ని ఇండ్లలో ఉన్నవి. అట్ట ఊడిపోయినదని, అక్షరములు పాతవని వాటిని పాత కాగితములవానికి వేయకుడి, పాతిపెట్టకుడి. మొదటి పుటలో ముద్రించిన సంవత్సరము, లోపల పెద్దలు వ్రాసికొనిన బాప్తిస్మపు తేదీలు ఉండును. వాటిని మీ గురువుగారికి చూపి, ఆ పుటల ఫోటోలు తీయించి పాస్టరేటు రికార్డులలో చేర్పించినయెడల, తరువాత ఈ చరిత్ర వ్రాయువారికి పనికివచ్చును.